మంగళవారం కూడా ఒక్కపొద్దేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద మీ పత్రికలో వచ్చే వార్తలన్నీ చదువుతుంటాను. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బంద్‌కు దిగినప్పుడైతే రోజూ వెతికి మరీ చదివాను. ఆ వార్తల్లో ఇంజినీరింగ్ ఉంటుంది, ఫార్మసీ ఉంటుంది, డిగ్రీ ఉంటుంది. చివర్లో ఎక్కడో 'బి.ఎడ్. తదితర కోర్సులు' అని ఒక ముక్క ఉంటుంది. ఆ ముక్కలో ఇరుక్కుపోయిన వాళ్ల గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి.

నేను నారాయణపేట జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా చేసి, 61 ఏళ్లు నిండి 2025లో రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఇలాంటివి పత్రికకు రాయాలంటే ప్రవర్తన నియమావళి గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయేది. ఇప్పుడు ఆ భయం లేదు. నాకు రావాల్సిన రిటైర్మెంట్ డబ్బులు ఇంకా పూర్తిగా అందలేదు కానీ, దానికి వేరే ఉత్తరం రాస్తాను.

మా బడి మెయిన్ రోడ్డు పక్కనే. బస్సు దిగితే ఐదు నిమిషాల నడక. అందుకని చుట్టుపక్కల బి.ఎడ్. కాలేజీలు ఇంటర్న్‌షిప్‌కు పిల్లల్ని మా బడికే ఎక్కువగా పంపేవి. ప్రతి ఏడాదీ ఎనిమిది మందో పది మందో. కాగితాల్లో వాళ్లను ఛాత్రోపాధ్యాయులు అంటారు. మేం ట్రైనీలు అంటాం. మా పిల్లలు మాత్రం 'కొత్త మేడం', 'కొత్త సారు' అంటారు, నాలుగు నెలలు గడిచినా కొత్తే.

2023 జులైలో వచ్చిన బ్యాచ్‌లో ఒకమ్మాయి ఉంది. బీఎస్సీ గణితం చదివింది. తండ్రి పుణెలో మేస్త్రీ పని, తల్లి ఊళ్లో కూలి. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే టీచర్లందరం స్టాఫ్ రూమ్‌లో డబ్బాలు విప్పేవాళ్లం. ఈ అమ్మాయి మాత్రం వరండాలో కూర్చుని చార్టులకు రంగులు వేసుకునేది. పిలిస్తే, "ఈ రోజు ఒక్కపొద్దు మేడం" అనేది. సోమవారం శివుడికి అనుకున్నాను. గురువారం సాయిబాబాకి. శనివారం వెంకటేశ్వరస్వామికి. ఈ వయసులో ఇంత భక్తేమిటి అని మా సోషల్ టీచరు ముచ్చటపడింది కూడా. ఒక మంగళవారం కూడా అదే మాట చెప్పేసరికి, "మంగళవారం కూడా ఒక్కపొద్దేనా బిడ్డా, ఎవరికి?" అని అడిగాను. తల వంచుకుంది. కాసేపటికి, "రూములో గ్యాసు అయిపోయింది మేడం" అంది.

తర్వాత మెల్లగా చెప్పింది. పట్నంలో ముగ్గురమ్మాయిలు కలిసి ఒక రూము తీసుకున్నారు. ఈ అమ్మాయి సాయంత్రాలు చీరల దుకాణంలో పనిచేసి తన వాటా ఖర్చులు వెళ్లదీసుకునేది. ఇంటర్న్‌షిప్ మొదలయ్యాక బడి వదిలేసరికి నాలుగుంపావు, రికార్డులో సంతకాలయ్యి బస్సు దొరికి ఇల్లు చేరేసరికి ఆరు. దుకాణానికి నాలుగింటికే రావాలి. రెండు వారాలు చూసి సేటు వేరే అమ్మాయిని పెట్టుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు.

పక్కనే వంట గదిలో రెండు వందల మంది పిల్లలకు అన్నం, పప్పు ఉడుకుతూ ఉంటుంది. ఆ అన్నం ఈ అమ్మాయికి పెట్టడానికి నాకు హక్కు లేదు. మధ్యాహ్న భోజనానికి తలల లెక్క. ఎంతమంది పిల్లలు తిన్నారో రిజిస్టరులో రాయాలి, దాన్నిబట్టే బియ్యం, దాన్నిబట్టే వంట చేసే ఆడవాళ్లకు బిల్లు. ట్రైనీ తల ఆ లెక్కలోకి రాదు. తనిఖీకి వచ్చినవాళ్లకు ఒక్క పళ్లెం ఎక్కువ కనబడితే వంటామె జవాబు చెప్పుకోవాలి. మర్నాటి నుంచి నా డబ్బాతో పాటు ఇంకో డబ్బా తెచ్చాను. మిగతా టీచర్లు కూడా వంతులు వేసుకున్నారు. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు. ఆ అమ్మాయి ఒక్కతే దొరికింది, ఎందుకంటే అబద్ధం సరిగా చెప్పడం రాలేదు. అంతకు ముందు ఏళ్లలో వరండాలో కూర్చుని చార్టులు గీసుకున్న ట్రైనీలు ఎంతమందో, నేను ఎవర్నీ అడగలేదు.

ఇక అసలు ఒప్పుకోవాల్సిన సంగతి. ఆ ఏడు మా బడిలో గణితం స్కూల్ అసిస్టెంట్ పోస్టు ఖాళీ. నేను తెలుగు టీచరుగా మొదలైనదాన్ని, గణితం పీరియడ్‌కు నేను వెళ్తే పిల్లలు ముసిముసిగా నవ్వేవారు. ఈ అమ్మాయి రాగానే ఎనిమిది, తొమ్మిది తరగతుల గణితం మొత్తం తన చేతిలో పెట్టేశాను. నియమం ప్రకారం ట్రైనీ పాఠం చెబుతుంటే వెనక బెంచీలో సబ్జెక్టు టీచరు కూర్చుని చూడాలి, తప్పులు దిద్దాలి. మా దగ్గర సబ్జెక్టు టీచరే లేకపోతే దిద్దేదెవరు? రోజుకు నాలుగు పీరియడ్లు చెప్పింది. స్లిప్ టెస్టులు పెట్టింది, పేపర్లు దిద్దింది. పదో తరగతి పిల్లలు సాయంత్రం ఆపి లెక్కలు అడిగితే బస్సు వదులుకుని మరీ చెప్పింది. ఆ నాలుగు నెలలూ ఖాళీ పోస్టు తాలూకు జీతం ప్రభుత్వానికి మిగిలింది. పాఠం మాత్రం జరిగింది. ఆ అమ్మాయికి పైసా రాలేదు. సెలవు రోజు చూసి ఒక శాలువా కప్పాం.

ఇది నా ఒక్క బడి కథ కాదని ఏ హెడ్‌మాస్టరునైనా పక్కకు పిలిచి అడగండి, చెబుతారు. ఎన్ని పోస్టులు ఖాళీ ఉంటే ఇంటర్న్‌షిప్ పిల్లల కోసం అంతగా ఎదురుచూస్తాం.

పరాయివాళ్లకు ఇక్కడొక సందేహం వస్తుంది. ఫీజు ప్రభుత్వమే కడుతోంది కదా, ఇంకా ఏం కావాలి అని. ఆ 'ప్రభుత్వమే కట్టడం' ఎలా ఉంటుందో చెబుతాను. కన్వీనర్ కోటాలో సీటు వచ్చిన పేద పిల్లలకే ఇది వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్ వాళ్లకు లేదు. మీసేవలో ఆదాయ ధ్రువపత్రం తీసుకోవాలి. ఈ-పాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాలి, వేలిముద్ర వేయాలి, కాగితాల కట్ట కాలేజీలో ఇవ్వాలి. 75 శాతం హాజరుండాలి. అన్నీ అయ్యాక బిల్లు తయారై, టోకెను పడి, ఖజానా దగ్గర నిద్రపోతుంది. నేను చెప్పిన అమ్మాయి చదివినప్పుడు ట్యూషన్ ఫీజు కాలేజీ ఖాతాలోకే పోయేది, పిల్ల చేతికి వచ్చేది కాదు. చేతికి వచ్చే మెయింటెనెన్స్ డబ్బులు ఎంత తక్కువో, వచ్చేటప్పటికి ఆ పిల్ల ఎక్కడుంటుందో చెప్పలేం. మా కాలంలోనూ స్కాలర్‌షిప్ పరీక్షలు రాసి ఇళ్లకు వచ్చాకే వచ్చేది, అబద్ధం చెప్పను. 1986లో నేను బి.ఎడ్. చేసినప్పుడు సర్కారు కాలేజీ, సాంఘిక సంక్షేమ హాస్టలు, ఒక్క సంవత్సరం కోర్సు. ఫీజు గుర్తు పెట్టుకునేంత కూడా లేదు. రెండు బోధనా సబ్జెక్టులకు (మెథడ్లకు) ఇరవై చొప్పున నలభై పాఠాలు చెప్పి బయటపడ్డాం. నా ముందు తరంలో అయితే ట్రైనింగ్ స్కూల్లో చేరితే స్టైపెండ్ ఇచ్చేవారు. మా నాన్న బేసిక్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు మెస్ బిల్లు పోను మిగిలింది ఇంటికి మనియార్డరు చేసేవాడట. ఆ డబ్బుతో మా మేనత్తకు పుస్తకాలు కొన్నారని ఇంట్లో చెప్పుకునేవారు.

ఇప్పుడు కోర్సు మారింది. టీచర్ల శిక్షణ మీద జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ ఇచ్చిన నివేదిక తర్వాత, ఆ శిక్షణను చూసే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014లో కొత్త నిబంధనలు తెచ్చింది. 2015 నుంచి బి.ఎడ్. రెండేళ్లయింది. మొత్తం 20 వారాలు బడిలో గడపాలి, అందులో 16 వారాలు రెండో ఏడు ఇంటర్న్‌షిప్. తరగతులకు 80 శాతం హాజరు చాలు, ఇంటర్న్‌షిప్‌కు మాత్రం 90 శాతం ఉండాలి. ఈ మార్పు నాకు నచ్చింది. నలభై పాఠాలు చెప్పి టీచరైపోవడం కంటే నాలుగు నెలలు బడి దుమ్ము పీల్చడం నయం. కానీ ఏడాది కోర్సును రెండేళ్లు చేసినవాళ్లు, 90 శాతం హాజరు అడిగినవాళ్లు, ఆ పిల్ల ఆ రోజుల్లో ఏం తింటుందో లెక్క వేయలేదు. 16 వారాల పాటు పగలు బడి, రాత్రి లెసన్ ప్లాన్లు, ఆదివారం టీఎల్ఎం, అంటే పాఠానికి కావాల్సిన బోధనోపకరణాల తయారీ. ఇంకో పని చేసుకునే సందు ఎక్కడుంది? పైగా ఖర్చు పెరిగేది కూడా అప్పుడే. చార్టులు, స్కెచ్చులు, రికార్డులు, జిరాక్సులు, స్పైరల్ బైండింగు, కాలేజీ చెప్పిన రంగు చీర రెండు జతలు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి వచ్చి ఆడపిల్లలకు బస్సు ఛార్జీలు తప్పాయి. ఈ ఒక్కటీ నిజంగా పెద్ద మేలు, నా కళ్లతో చూశాను. నేను చెప్పిన అమ్మాయి ఇంటర్న్‌షిప్ అయిపోయిన కొద్ది వారాలకు వచ్చింది అది. మగపిల్లలకు ఇప్పటికీ పాసు డబ్బులు తప్పవు.

హౌస్ సర్జన్లకు స్టైపెండ్ ఉంది. ఆలస్యమైతే వాళ్లు ధర్నా చేస్తారు, చేయాలి కూడా. ఐటీఐ చేసి ఆర్టీసీ డిపోలో అప్రెంటిస్‌గా చేరిన పిల్లాడికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్ ఉంది. ఇవన్నీ పాతవి. 2024 అక్టోబరులో కేంద్రం ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం అని కొత్తది మొదలుపెట్టింది. దేశంలోని 500 పెద్ద కంపెనీల్లో 21 నుంచి 24 ఏళ్ల పిల్లలకు ఏడాది పాటు పని నేర్పుతామన్నారు. మొదలుపెట్టినప్పుడు నెలకు 5,000 రూపాయలు ఇస్తామన్నారు. అందులో కంపెనీ పెట్టేది 500, మిగతా 4,500 ప్రభుత్వమే పిల్లల ఖాతాలో వేస్తామంది. చేరినప్పుడు ఒకసారి 6,000 అదనం. మంచిదే, పిల్లలకు వస్తే నాకు సంతోషమే. కానీ నాకు అర్థం కానిది ఒకటుంది. లాభాలు గడించే కంపెనీలో పని నేర్చుకునే పిల్లకు ప్రభుత్వం నెలకు 4,500 ఇవ్వగలిగినప్పుడు, ప్రభుత్వపు సొంత బడిలో, ప్రభుత్వం భర్తీ చేయని పోస్టులో, పాఠం చెబుతూ నేర్చుకునే పిల్లకు ఎందుకు ఇవ్వలేదు? ఆ అమ్మాయి వయసు అప్పుడు 22. వయసు సరిపోయింది. బడి కంపెనీ కాదు, అదీ లోపం.

సింగపూర్‌లో టీచరు శిక్షణలో చేరిన వాళ్లకు విద్యాశాఖ జీతమే ఇస్తుంది, తర్వాత ఇన్నేళ్లు పనిచేయాలని బాండు రాయించుకుంటుంది. ఇంగ్లండ్‌లో గణితం, ఫిజిక్స్ చెప్పేవాళ్లు దొరకక ఆ సబ్జెక్టుల ట్రైనీలకు 2025-26లో 29,000 పౌండ్ల బర్సరీ (శిక్షణ కాలపు ఆర్థిక సాయం) పెట్టారు. వాళ్లతో మనకు పోలికేమిటి అంటారు, సరే. మన సొంత కాగితమే తీయండి. 2020 జాతీయ విద్యావిధానంలో ఉపాధ్యాయుల అధ్యాయం మొదట్లోనే రాశారు: మంచి విద్యార్థులు, ముఖ్యంగా పల్లెల నుంచి, ఈ వృత్తిలోకి రావాలంటే నాలుగేళ్ల సమీకృత బి.ఎడ్. చదివేవాళ్లకు ప్రతిభ ఆధారంగా పెద్ద సంఖ్యలో స్కాలర్‌షిప్‌లు ఇవ్వాలని. పల్లె పిల్లలకు ప్రత్యేక స్కాలర్‌షిప్పులు ఇచ్చి, చదువయ్యాక వాళ్ల ప్రాంతంలోనే ఉద్యోగాల్లో ప్రాధాన్యం కల్పించాలని కూడా ఉంది. అదే విధానం 2030 నాటికి నాలుగేళ్ల బి.ఎడ్.ను కనీస అర్హత చేయాలంటుంది. నాలుగేళ్ల కోర్సు మాటే అందరికీ గుర్తుంది, స్కాలర్‌షిప్ మాట ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఆ విధానం మీద మాకు మూడు రోజుల శిక్షణ ఇచ్చినప్పుడు స్లైడ్లు చాలా చూపించారు. ఈ పేరా ఒక్క స్లైడులో కూడా లేదు. నేను చేయెత్తి అడిగితే, "టీ బ్రేక్ తర్వాత మాట్లాడుకుందాం మేడం" అన్నారు. టీ అయితే బాగుంది.

ఇక్కడ కొందరు పెద్దమనుషులు అడ్డుపడతారని తెలుసు. ఇప్పటికే బి.ఎడ్. చేసి ఖాళీగా ఉన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు, ఇంకా డబ్బులిచ్చి తయారు చేయడం ఎందుకు అని. న్యాయమైన ప్రశ్నే. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు టీచర్ల నియామక పరీక్ష (టీఆర్‌టీ) నోటిఫికేషన్ వచ్చింది. ఆ తర్వాత మళ్లీ 2024 దాకా ఆగాం, అప్పుడు 11,062 పోస్టులు. పక్క రాష్ట్రంలోనూ 2018 డీఎస్సీ తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లో వచ్చింది. ఏడేళ్లకోసారి తలుపు తీస్తే గుమ్మం దగ్గర తొక్కిసలాట కాక ఏమవుతుంది. 2024 నాటి 11,062లో పెద్ద తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్లు 2,629 మాత్రమే, ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే ఎస్జీటీలే 6,508. పైగా బి.ఎడ్. వాళ్లు ఎస్జీటీకి అర్హులు కారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చింది. చిన్న తరగతులకు డి.ఎల్.ఎడ్. (ప్రాథమిక తరగతుల టీచర్ల డిప్లొమా) శిక్షణే సరైందని కోర్టు చెప్పిన దాంతో నాకు పేచీ లేదు, ఒకటో తరగతి చెప్పడం వేరే విద్య. కానీ ఆ తీర్పు వచ్చిన రోజు ఈ బ్యాచ్ మా బడిలోనే ఉంది. ఇంటర్వెల్‌లో ఒకబ్బాయి ఫోనులో చదివి వినిపిస్తే ఎవరూ మాట్లాడలేదు. బెల్లు కొట్టగానే మళ్లీ ఎవరి క్లాసుకు వాళ్లు వెళ్లారు. అవసరానికి మించి సీట్లున్నాయంటే సీట్లు తగ్గించండి, హాజరు లేని కాలేజీలు మూయండి. చేర్చుకున్న పిల్లను మాత్రం పస్తులుంచకండి.

హాజరు లేని కాలేజీలంటే గుర్తొచ్చింది. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కొన్ని కాలేజీల్లో డబ్బు కడితే హాజరు అదే పడుతుంది. ట్రైనీ హైదరాబాద్‌లో కోచింగ్‌లోనో ఉద్యోగంలోనో ఉంటాడు, ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టు సర్టిఫికెట్ మీద హెడ్‌మాస్టరు సంతకం కావాలి. అలాంటి కాగితాలు పట్టుకుని నా దగ్గరకూ వచ్చారు. చాలాసార్లు తిప్పి పంపాను. రెండుసార్లు పంపలేకపోయాను. ఒకసారి వచ్చినవాడు మా ఊరి నాయకుడి మనిషి. ఇంకొకసారి వచ్చింది చంటిబిడ్డతో ఉన్న ఒక తల్లి. ప్రైవేటు బడిలో ఎనిమిది వేలకు పనిచేస్తోంది, ఆ జీతం పోతే ఇల్లు గడవదు. రోజంతా పిల్లలకు పాఠాలు చెబుతూనే ఉంది, కాకపోతే అది ఇంటర్న్‌షిప్ లెక్కలోకి రాదు. మొదటి సంతకానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. రెండోదానికి ఏమనుకోవాలో తెలియలేదు. ఇంటర్న్‌షిప్‌కు నెలకు 5,000 వస్తుందంటే, అది బడి హాజరును బట్టే వస్తుందంటే, ఆ రెండో మనిషి నా దగ్గరకు కాగితం పట్టుకుని వచ్చేది కాదు, నిజంగా బడికే వచ్చేది. దొంగ హాజరును ఆపడానికి తనిఖీ బృందాల కంటే ఇది బాగా పనిచేస్తుందని నా నమ్మకం.

నేను చెప్పిన అమ్మాయి సంగతి ముగించాలి కదా. బి.ఎడ్. పాసైంది, టీచర్ల అర్హత పరీక్ష టెట్ పాసైంది, 2024 డీఎస్సీ రాసింది. ఫలితాలు సెప్టెంబరు 30న వచ్చాయి. ఒక్కో పోస్టుకు ముగ్గురి చొప్పున పిలిచిన సర్టిఫికెట్ల పరిశీలన జాబితాలో పేరుంది. అక్టోబరు 1 నుంచి 5 దాకా గడువు. ఒరిజినల్స్ అన్నీ కాలేజీ బీరువాలో ఉన్నాయి. రెండో ఏడు రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి 24,000 కట్టి తీసుకుపొమ్మన్నారు. ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తారట. అక్టోబరు 2న ఎంగిలిపూల బతుకమ్మ. మా వాకిట్లో మేం పూలు పేర్చుకుంటుంటే గేటు దగ్గరకు వచ్చి నిలబడింది. పండుగపూట ఇలా వచ్చానని ఏడుపు. మేనమామ చీటీ పాడి 9,000 సర్దాడట. మిగతా 15,000 నేనిచ్చాను. కాలేజీ ఆ రోజు సెలవు. మర్నాడు వెళ్లి తెచ్చుకుంది, పరిశీలనకు అందుకుంది. ఉద్యోగం రాలేదు. రెండు మార్కుల లోపలే పోయింది. ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో నెలకు 11,000కు చేస్తోంది. వద్దంటున్నా ప్రతి నెలా ఐదో తారీఖున నాకు వెయ్యి రూపాయలు ఫోన్‌పే చేస్తుంది. ప్రభుత్వం కట్టాల్సిన ఫీజును, ఒక కూలి ఇంటి పిల్ల ఒక రిటైర్డ్ టీచరుకు వాయిదాల్లో కడుతోంది. ఈ వాక్యం అధికారులు ఒక్కసారి మెల్లగా చదువుకోవాలని నా మనవి.

ఆ కాలేజీ వాళ్లను నేను తిట్టలేను. వాళ్ల లెక్చరర్లకూ నెలల తరబడి జీతాల్లేవు. ఒకరి బకాయి ఇంకొకరి మీద పడి, చివరికి ఎవరి వెనకా ఎవరూ లేని పిల్ల దగ్గర ఆగుతుంది. అందుకే డీఎస్సీ నోటిఫికేషన్ ఇచ్చేముందు ఆ ఏడు బయటికొచ్చే టీచరు ట్రైనీల ఫీజు బకాయిలు కట్టేయండి. సర్టిఫికెట్లు ఆపుకోవద్దని కాలేజీలకు నోటి మాటగా చెబితే వినరు. డబ్బు ఇచ్చి చెబితే వింటారు.

స్టైపెండ్ సంగతికి వస్తే, 16 వారాలంటే దాదాపు నాలుగు నెలలు. నెలకు 5,000 లెక్కన ఒక్కొక్కరికి 20,000. 2020లో ఆంధ్రప్రదేశ్ వసతి దీవెన పెట్టినప్పుడు డిగ్రీ, ఆపై చదువులవాళ్లకు ఏడాదికి ఇస్తామన్నది కూడా సరిగ్గా అంతే. కాబట్టి ఇది ఎవరూ ఊహించని అంకె కాదు. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు, కొత్త కమిటీ అక్కర్లేదు. ట్రైనీల హాజరు రిజిస్టరు ప్రతి బడిలో హెడ్‌మాస్టరు టేబులు మీదే ఉంటుంది, రోజూ ఉదయం సాయంత్రం సంతకాలు పెట్టించేది మేమే. నెలాఖరున ఆ హాజరు మండల విద్యాధికారికి పంపితే చాలు. మా టీచర్ల జీతాల బిల్లు చేసే చేతులే ఇదీ చేస్తాయి. పేరు స్టైపెండ్ అనొద్దు, ఇంకేదైనా పథకం పేరు, ఎవరి ఫొటో అయినా పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఒక్కటే జాగ్రత్త. చిన్న జీతం ఇస్తున్నాం కదా అని ట్రైనీలతోనే ఖాళీ పోస్టులు నెట్టుకొచ్చే అలవాటు పడకూడదు. 1980లలో నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను పెట్టుకున్న రాష్ట్రం మనది. అలా చేరిన ఒక సారు నాతో చాలా ఏళ్లు పనిచేశారు, రిటైరయ్యే దాకా ఆయన్ని '398 సారు' అనే పిలిచేవారు.

ఇవన్నీ ఆర్థిక శాఖ దాకా పోవాల్సిన ఫైళ్లు, టైము పడుతుందని తెలుసు. ఈలోగా రేపే చేయగలిగిన పని ఒకటుంది. బడిలో ఇంటర్న్‌షిప్ చేసే ట్రైనీలను కూడా మధ్యాహ్న భోజనం లెక్కలో కలపమని ఒక ఉత్తర్వు ఇవ్వండి. పెద్ద తరగతి పిల్లలకు ఇచ్చే తలకు 150 గ్రాముల లెక్కే వేసినా, పది మందికి రోజుకు కిలోన్నర బియ్యం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలు,
నారాయణపేట జిల్లా